తారుమారైన రెండు పేర్లు

“పన్నెండో పేజీలో రెండు పేర్లు తారుమారైనాయి. మార్చు పాపా.”

ఫోన్‌లో అదే మెసేజ్. వారంలో ఇది నాలుగోసారి. పంపినవాడి పేరు లేదు.

మహిమ ఫోన్ బోర్లా పెట్టేసింది.

కర్నూలులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె ఉద్యోగం. క్వారీల్లో సైరన్ మోగించి, మందు పేల్చే మిషన్‌కు వాళ్ళే ప్రోగ్రామ్ తయారుచేశారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే తెలుగు పుస్తకం రాసింది మహిమ. చివరి పేజీలో ఆమె పేరూ, నంబరూ ఉన్నాయి.

మేనేజర్ భూపేష్‌కు మెసేజ్ చూపించింది.

“ఎవడో బెదిరిస్తాండాడు. బ్లాక్ చెయ్. తప్పని ఒప్పుకుంటే కంపెనీ మూతబడ్తాది.”

బ్లాక్ చేసింది.

మర్నాడు పదకొండున్నరకు వేరే నంబరు నుంచి ఫోన్. ముసలి గొంతు. ఆయాసపడుతోంది.

“పాపా, ఈ పొద్దు పన్నెండుకు బేతంచెర్ల కాడ కొత్త క్వారీలో మీ మిషన్‌తో మళ్ళా మందు పేలుస్తాండారు. కింద పదిహేను మంది పనిలో ఉండారు. ఆ పేజీ ఒక్కసారి చూడు.”

“ఎవరు నువ్వు? నా ఎంట ఎందుకు పడినావు?”

“నేనెవరో చెప్తే నువ్వు పేజీ చదవవు, నన్ను చదువుతావు.”

ఫోన్ కట్టయింది.

మహిమ ప్రోగ్రామ్ తెరిచింది.

పేల్చమనే ఆదేశానికి రెండు పారామీటర్లు, అంటే వరసగా ఇవ్వాల్సిన రెండు అంకెలు. సైరన్ ఎన్ని సెకన్లకు మోగాలో ఒకటి, మందు ఎన్ని సెకన్లకు పేలాలో ఒకటి. తన పుస్తకంలో ఉన్న వరసలోనే సైరన్‌కు పది, మందుకు మూడొందలు ఇచ్చి చూసింది.

పదో సెకనుకు తెర మీద ‘పేలింది’ అని పడింది.

సైరన్ ఇంకా మోగలేదు.

మహిమ క్వారీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. పన్నెండుకు ఇంకా ఆరు నిమిషాలే ఉన్నాయి.

ఐదోసారికి ఎవరో ఎత్తారు.

“మేస్త్రీ బొజ్జన్నను. ఎవురమ్మా?”

“పేల్చొద్దు! మిషన్ ముట్టుకోవద్దు!”

“యాడ పేల్చేది? ఎవురో ముసలాయన వచ్చి మందు పెట్టిన గుంత మీదనే కూచున్నాడు. మావోళ్ళు నాలుగు తగిలించినా లేయలా. ఆఫీసు నుంచి ఫోన్ వస్తాది, అంతదాకా లేయనంటాండాడు.”

మహిమకు ఏడుపొచ్చింది. “పుస్తకంలో తప్పుందన్నా. నేనే రాసినా. ఆయనకు ఫోనియ్యి.”

కాసేపటికి బొజ్జన్న గొంతే వినిపించింది.

“నీ మాట చెప్తానే లేచి, రోడ్డు తట్టు పోయినాడమ్మా.”

భూపేష్ వద్దని అరుస్తున్నా వినకుండా మహిమ ఆ రెండు పేర్లూ దిద్ది క్వారీకి పంపింది. సాయంత్రం, బ్లాక్ చేసిన నంబరుకు తనే ఫోన్ చేసింది.

ఒక ఆడమనిషి పలికింది. మహిమ తన పేరు చెప్పి, మెసేజ్‌లు పెట్టినాయన కావాలని అడిగింది.

“లాజరు పెండ్లాన్ని. ఆయన లేడు పాపా. మధ్యాన్నం ఎండనబడి వచ్చి మంచం మీద వాలినోడు మళ్ళా లేయలా.”



“అమ్మా... ఆయనకు మా మిషన్ సంగతి ఎట్లా తెలుసు?”

“దాన్ని అందరికన్నా ముందు వాడింది ఆయనే పాపా. ఆ పొద్దు ముగ్గురు కూలోళ్ళు చచ్చిపోతే, పుస్తకంలో ఉన్నట్టే చేసినా సామీ అని ఎంత మొత్తుకున్నా నమ్మకుండా, తాగి నొక్కినాడని రెండేండ్లు జైల్లో పెట్టినారు.”