హరనాథబాబు పథ్యం

హన్మండ్లు దుకాణంలో కోడి షోర్వా సీసాలు మూడు మిగిలాయి. మూడూ మూడు రకాలు. నిజాంసాగర్ కట్ట పని నడిచినన్నాళ్లూ ఇంజనీర్ల బంగళాలకు అవి పెట్టెలకు పెట్టెలు పోయేవి. కట్ట పూర్తయింది. ఇంజనీర్లు వెళ్లిపోయారు. సీసాలు అటకెక్కాయి. ఇంటింటా కోళ్లు తిరిగే బాన్సువాడలో షోర్వా కొనుక్కునే వాళ్లెవరు?

నాలుగేళ్లకు ఒకామె వచ్చింది.

పేరు కనకరత్నం. కాలువ కింద భూములు కొనుక్కుని గుంటూరు వైపు నుంచి వచ్చిన బసవపున్నయ్యకు కోడలు. ఊరికి కోసెడు దూరంలో అలా వచ్చిన రైతుల క్యాంపు. చలి ఇంకా విడవకముందే వచ్చి, కోడి రసం సీసాలున్నాయా అని అడిగింది. హన్మండ్లు మారుమాట లేకుండా నిచ్చెన వేశాడు.

మూడింటినీ తుడిచి వరసగా పెట్టాడు. ఆమె ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసింది. మొదటిది మరీ పల్చగా ఉందంది. రెండోదాంట్లో అడుగున నలుసులున్నాయంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదనుకున్నాడు హన్మండ్లు. మూడో సీసా వంచితే లోపలిది కదల్లేదు. చలికి జున్నులా పేరుకుని ఉంది.

"గదే అసలుదమ్మా," అన్నాడు.

బంగళాలో వంట చేసిన ఏసయ్య చెప్పిన ముక్క అతనికి గుర్తుంది. ఎముకలు బాగా మరిగితేనే చలికి అట్లా పేరుకుంటుందట. పేరుకోనిది వట్టి ఉప్పునీళ్లట.

ఉప్పు ఎక్కువేశారా, ఉల్లిపాయ తగిలించారా అని కనకరత్నం ఆరా తీసింది. రెండూ పడవట. సీసా మీది ఇంగ్లీషు హన్మండ్లుకు రాదు. అయినా రెండూ లేవని ఒట్టేశాడు.

"ఎవలకమ్మా, మీ పెనిమిటికా?"

"ఆయనకైతే ఇంత వెతుకులాట ఎందుకండీ, ఏది పెడితే అది తింటారు. మా హరనాథబాబుకి."

మరిది కాబోలనుకున్నాడు హన్మండ్లు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బిచ్కుందలో ఎవడో మీదపడ్డాడట. కాలికి దెబ్బ, ఒక కన్ను వాచిపోయింది. రెండు రోజులుగా గింజ ముట్టలేదు. పొద్దున్నే అతని గొంతు వినపడకపోతే మామగారికి కాలూ చెయ్యీ ఆడదు. పైగా వచ్చే బేస్తవారం పెద్ద కొడప్‌గల్‌లో పదిమంది ముందు నిలబడాలి. ఇంటి పరువంతా అతని మీదే ఉందట.

"మరి ఇంట్ల ఒక కోడిని కోసుకోరాదమ్మా?"

"అమ్మో, వద్దండీ. కళ్లముందు కోస్తే తట్టుకోలేడు."

ఎంత మెత్తటి గుండె, అనుకున్నాడు హన్మండ్లు. ఆ మూడో సీసా కొనుక్కుని వెళ్లబోతూ ఆమె ఒక్కటే అడిగింది, ఈ సరుకు ఎప్పటిదని.

"మొన్ననే వచ్చిందమ్మా. నిజామాబాద్ నుంచి."

ఆ పూటంతా అతను హుషారుగా ఉన్నాడు. మర్నాటికి ఫికరు పట్టుకుంది. నాలుగేళ్ల సీసా. ఏ మూతలో ఏ సందుందో. పస్తులున్న కడుపు, దెబ్బలు తిన్న ఒళ్లు. సంగతి విని భార్య గంగామణి పళ్లెం విసురుగా పెట్టింది.

"పాతదని చెప్తే నీ నోరు పడిపోవునా?"

మూడో రోజు అటునుంచి బండి తోలుకొచ్చిన రూప్లా దుకాణం ముందు ఆగాడు. క్యాంపు కబుర్లేమిటని హన్మండ్లు అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"బసవపున్నయ్య ఇంటి ముంగట మంది జమైండ్రు. నేను తొవ్వ మీదికెల్లే చూసిన. ఎవ్వలు నోరు మెదుపుతలేరు."

హన్మండ్లు దుకాణం మూశాడు. ఉత్త చేతులతో ఎట్లా పోవడం? గంగామణి పెంచుకుంటున్న పెట్టను చంకన పెట్టుకున్నాడు. ప్రాణం ఉండాలేగాని, ఆ పిల్లగాడి కంటబడకుండా పక్క గల్లీలో కోయించి తాజా షోర్వా కాయిస్తే సరి. కోసెడు దూరం పరుగులాంటి నడకతో పోయాడు. దారి పొడుగునా తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు.

వాకిలి నిండా జనం. నిజంగానే ఎవరూ మాట్లాడటం లేదు.

ఇంతలో కనకరత్నం నవ్వుతూ ఎదురొచ్చింది. సీసా రెండు రోజుల్లో ఖాళీ అయిందట. ఈ తెల్లవారుజామున హరనాథబాబు గొంతు విప్పితే క్యాంపు మొత్తం లేచి కూర్చుందట. పొద్దున్నుంచి చూసిపోయేవాళ్లే. అలికిడికి బెదురుతాడని అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారట.

హన్మండ్లుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ ఊపులో ఇంటిదారి పట్టొచ్చు. కాళ్లు కదల్లేదు. మంచం మీద కూర్చున్న బసవపున్నయ్య ముందుకు వెళ్లి తలవంచాడు.

"అబద్ధం చెప్పిన పెద్దాయన. గా సీసా నాలుగేండ్లది. తప్పయింది."

బసవపున్నయ్య అతన్నీ, చంకలోని పెట్టనూ కాసేపు ఎగాదిగా చూశాడు.

"ఆ మాట నాకెందుకయ్యా? తాగింది నేను కాదుగా."

"అయితే ఆయనకే చెప్పుకుంట. యాడున్నడు?"

హన్మండ్లు చెప్పులు విడిచాడు. తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. పెట్ట ఉండటంతో రెండు చేతులూ జోడించడం కుదరక ఒక్క చెయ్యే ఎత్తి నిలబడ్డాడు.

"చెప్పుకో మరి," అంటూ బసవపున్నయ్య లేచి గోడవార నీడన బోర్లించిన గంప ఎత్తగానే, ఎర్రటి తురాయి నిక్కబొడుచుకుని హరనాథబాబు బయటికొచ్చి, రెండుసార్లు రెక్కలు టపటపలాడించి, హన్మండ్లు చంకలోని పెట్ట వైపు ఓరగా చూసి, మెడ సాచి క్యాంపంతా వినపడేలా ఒక్క కూత కూశాడు.