పక్కన ఎవరూ లేరని

కడప సైకిలు క్లబ్బులో, లారీ గుద్ది చనిపోయిన డాక్టరు ఫొటోకు దండ వేస్తున్నారు. తాపీమేస్త్రీ అన్సార్ భార్య హసీనా తన భర్త ఫొటో తెచ్చింది.

“దీన్ని గూడా పక్కన పెట్టండప్పా.”

“గోల్ఫు మాదిరి ఇది గొప్పోళ్ల ఆట కాదమ్మా, అందరిదీ,” అన్నాడు అధ్యక్షుడు ఓబుళేశు. “అయితే మీ ఆయన సైకిలు మీద పనికి పోయే మనిషి. మెంబరు కాదు.”

“ఆ పొద్దు సైకిలు దిగి మీ డాక్టరును లేపుతాంటేనే గదా రెండో లారీ మా ఆయన్ను గుద్దింది. దూరం నుంచి చూసినామని పోలీసులకు మీరే చెప్పినారు.”

డాక్టరు భార్య మధులత తలెత్తింది.

“ఆఖర్లో ఆయన పక్కన ఎవురూ లేరని నాతో చెప్పినావే, ఓబుళేశన్నా?”

“మనోళ్లెవురూ లేరని చెప్పినానమ్మా.”

మధులత దండతో సహా భర్త ఫొటో తీసుకుని, హసీనాతో బయటికి నడిచింది.