తెల్లమద్ది మీద మంచం

"అత్త మంచం ఇయ్య. ఏం జేస్కుంటవో జేస్కో," అంటూ రంగి నులక మంచం మీద ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

గంట నుంచి ఇదే గొడవ. ఆమె మొగుడు తులసీరాంకి మంచె కట్టడానికి మంచం కావాలి. ఇంట్లో ఉన్న నవారు మంచం మనిషి కదిలితే కిర్రుమంటుంది, ఆ చప్పుడుకి అడవిపందులు దగ్గరికి రావు. తల్లి భూలి పడుకునే పాత నులక మంచమైతే చప్పుడు చేయదు. చెట్టు మీద కొమ్మలకి కట్టేస్తే రాత్రంతా దాని మీద కూర్చోవచ్చు.

"ఎవని కోసం గీ సేవ? తమ్మున్ని జైల్ల ఏయించినోని కోసమా?"

తులసీరాం వంగి మంచం కోళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూశాడు.

అతని తమ్ముడు కిష్ట్యా కోదాడలో నాగేశ్వర్ రావు సేటు రైసుమిల్లులో హమాలీ. మిల్లులో మోటారు పోయింది. దాన్ని అమ్ముకున్నది సేటు బామ్మర్దేనని హమాలీలందరికీ తెలుసు. సేటు మాత్రం కిష్ట్యా ఎత్తుకుపోతుంటే కళ్లారా చూశానని కేసు పెట్టాడు. మూడు నెలలుగా కిష్ట్యా సూర్యాపేట సబ్ జైల్లో ఉన్నాడు. రేపు సోమవారం ఆఖరు వాయిదా. బోనెక్కి సేటు అదే మాట చెబితే కిష్ట్యాకి శిక్ష ఖాయం.

అలాంటి సేటుకి తులసీరాం పందుల షికారు ఏర్పాటు చేస్తున్నాడు! రెండు వారాలుగా మిల్లు చుట్టూ తిరిగి మరీ పిలిచాడు. సేటు ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. ఈ మధ్యనే ఆయనకి తుపాకి పిచ్చి పట్టింది. మిర్యాలగూడలో మిల్లు పని ఉందని ఇంట్లో చెప్పి, లైసెన్సు లేని తుపాకి పట్టుకుని చేల వెంట తిరుగుతున్నాడు. ఇంతవరకు కుందేలును కూడా కొట్టలేదు.

"పంది పడితే మాట మారుస్తనన్నడు," అన్నాడు తులసీరాం నెమ్మదిగా.

"అన్నడూ... నువ్వు నమ్మినవ్! పందికి గూడ జర తెలివి ఉంటదయ్యా."

మూల నుంచి భూలి అంది: "ఇయ్యి బిడ్డా. ఒక్క రాత్రికేమైతది, నేను కింద పండుకుంట."

రంగి లేచింది, ముసలిదాని మొహం చూసి. కానీ నోరు మూసుకోలేదు. తులసీరాం పెరట్లో వెదురు చెక్కుతుంటే అక్కడికీ వచ్చింది. నిచ్చెన కోసం పొడుగాటి ఒంటి వెదురు. కణుపు కణుపుకీ కొమ్మ మొదలు జానెడు వదిలి మిగతాది నరికేశాడు. పాదం పెట్టి ఎక్కడానికి అవే మెట్లు.

"మన చేను పక్కన చింతచెట్టు లేదా? పోరగాళ్లు గూడ ఎక్కుతరు. గంత దూరం వాగు కాడ తెల్లమద్ది ఎందుకు? ఇరవై అడుగుల దాంక కొమ్మ గూడ లేదు. గా బొర్రేస్కోని సేటు ఎట్లెక్కుతడు?"

"గాలి పైకి కొట్టాలె. మనిషి వాసన పందికి అందొద్దు."

అందుకే, షికారీ ఎక్కగానే నిచ్చెన కూడా చెట్టు కింద ఉంచరు. చేతుల వాసన అంటి ఉంటుందని, వేసినవాడే మోసుకుపోతాడు.

సేటు మూడు గంటలకి దిగాడు. మునగాలలో బస్సు దిగి, తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని, గట్ల మీద నడిచి వచ్చాడు. వెదురును చూసి మొహం చిట్లించాడు.

"ఏరా తులసీరాం, ఇది నన్ను మోస్తదంటావా?"

"మీ కోసమే ఏరి నరికిన సేటు."

"ఆ చింతచెట్టు చాలదా?"

"చింత మీద పోరగాళ్లు కూసుంటరు సేటు. పెద్ద షికారీలంతా మద్దే ఎక్కుతరు."

సేటు మరి చింత ఊసెత్తలేదు. మీసం తుడుచుకుని, "పద పద. రేపు మీ వాడి సంగతి కూడా చూడాలిగా," అని నవ్వాడు. తులసీరాం కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి రంగి గుమ్మంలోనే ఉమ్మేసింది.

రాత్రి తులసీరాం ఇంటికి రాలేదు. చేను గుడిసెలో పడుకుంటానని ముందే చెప్పాడు.

తెల్లవారి లేచేసరికి వెదురు నిచ్చెన ఇంటి గోడకి ఆనించి ఉంది. మనిషి లేడు. పొద్దున్నే సేటును దించి, సూర్యాపేట బస్సెక్కించి, తనూ ఎక్కి ఉంటాడు అనుకుంది రంగి. బస్సులో సేటుకి సీటు కూడా తుడిచి ఉంటాడు.

ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు. "కరిసినోని కాళ్లు కుక్క గూడ నాకదు అత్తా," అంది. భూలి దారి వైపే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా తండా దారిలో ఇద్దరు కనిపించారు. ఒకడు తులసీరాం. రెండోవాడు గడ్డం పెరిగి, చిక్కిపోయిన కిష్ట్యా.

భూలి పరుగెత్తి చిన్నకొడుకు మెడ పట్టుకుని, తండా ఆడవాళ్ల తీరున రాగం తీసి ఏడ్చింది. ఇరుగుపొరుగు చేరారు. రంగి వాళ్లను తోసుకుని ముందుకొచ్చింది.

"సేటు... నిజంగనే మాట మార్చిండా?"

"మాట ఎక్కడిది వదినే, ఆయన రానేలేదు," అన్నాడు కిష్ట్యా. "బంట్రోతు మూడుసార్లు పిలిచిండు. ముందుగాల రెండు వాయిదాలు గూడ ఎగ్గొట్టిండని జడ్జికి కోపమొచ్చింది. ఇంటికి మనిషిని పంపితే మిర్యాలగూడ పోయిండని చెప్పిండ్రంట. సూసినోడే లేడని కేసు కొట్టేసిండ్రు."

రంగి మొగుడి వైపు తిరిగింది. తులసీరాం చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, గోడ దగ్గరి వెదురును భుజానికెత్తుకున్నాడు.

"మీరంతా వండుకోని తినుండ్రి," అన్నాడు మెల్లగా. "నేను పోయి సేటును చెట్టు దింపి వస్త."