పద్నాలుగు మిల్లీమీటర్లు

"రాయి చూపించేదాకా ఆ ఆస్పత్రి గడప తొక్కేది లేదు," అని తేల్చి చెప్పేసి ఇన్‌స్పెక్టరు గారు ముసుగు తన్ని పడుకున్నారు.

ఆయన భార్య నీళ్ల గ్లాసుతో మంచం పక్కన అలాగే నిలబడిపోయింది. కిడ్నీలో రాయి తీసి అప్పటికి పదమూడు రోజులు. మూత్రం సాఫీగా దిగడానికి లోపల ఉంచిన సన్నటి గొట్టాన్ని మర్నాడు పొద్దున తీసెయ్యాలి. అశ్రద్ధ చేస్తే ఆ గొట్టానికే పెచ్చులు కట్టి కథ మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చెప్పింది కూడా ఆవిడను పక్కకి పిలిచి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు గారి ప్రశ్నలకు జవాబులు చెబుతూ కూర్చుంటే మిగతా రోగులు ఇళ్లకు వెళ్లిపోతారని అతనికీ అర్థమైపోయింది మరి.

ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. అడుగు తొలిచిన గుండ్లు, తక్కెడ కింద అంటించిన మైనం ముద్దలు ఎన్ని పట్టుకున్నారో లెక్కలేదు. అలాంటి మనిషికి, ఒంటి మీద కోత లేదు, కుట్టు లేదు, రాయి మాత్రం పోయిందంటే ఎలా మింగుడుపడుతుంది? మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి లేజరుతో పొడి చేసేశామన్నాడు డాక్టరు. పొడి ఏదన్నారు ఈయన. కొంత అప్పుడే నీళ్లతో కొట్టుకుపోయిందనీ, మిగిలింది మూత్రంలో పోతుందనీ అన్నాడు డాక్టరు. సరే, అదీ చూద్దామని ఈయన పాత టీ వడకట్టు ఒకటి బాత్‌రూములో పెట్టుకుని పదమూడు రోజులూ వడకట్టారు. పడిన నలుసుల్ని కాగితం మీద ఆరబెట్టి, తన చిన్న త్రాసులో వేసి తూచారు. ముల్లు కదల్లేదు.

ఇక ఆగలేదు. స్కానింగులో పద్నాలుగు మిల్లీమీటర్లని రాసిన రాయి ఇన్ని నలుసులేనా? మూత్రం ఎర్రగా రావడం, నడుం సలపడం డాక్టరు ముందే చెప్పినవే అయినా, ఆయన వాటిని సాక్ష్యాల్లో జమకట్టారు. ఫిర్యాదు మూడు పేజీలు రాసి దిండు కింద పెట్టుకున్నారు.

"రేపు ఆ గొట్టం తీయించుకోండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు పోట్లాడుకోండి," అందావిడ.

"ముందు సరుకు చూపించమను. సరుకు చూడకుండా సంతకం పెట్టే రకం కాదు నేను," అన్నారు ఆయన ముసుగులోంచే.

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లు దిగడానికే ఆపసోపాలు పడే మనిషి, ఈ ఎండలో ఎక్కడికెళ్లినట్టు? ఆయన ముసుగు తీసి కూర్చున్నారు. డాక్టరూ ఆవిడా పక్కకెళ్లి గుసగుసలాడుకోవడం గుర్తొచ్చింది. రాయి కాక లోపల ఇంకేదైనా కనబడిందేమో. అది తన దగ్గర దాస్తున్నారేమో. పైకి అనుమానమనుకున్నారు గానీ, అది ఉత్త భయం.

గంటన్నర తర్వాత ఆవిడ వచ్చింది. ముందు గదిలో ఏదో సర్దుతున్న అలికిడి వినిపించింది. తర్వాత లోపలికొచ్చి చిన్న సీసా ఒకటి ఆయన చేతిలో పెట్టింది. అడుగున తెల్లటి రాయి.

"నర్సు ఇవ్వడం మర్చిపోయిందట. పొడి చేశామన్నది ఇంకెవరి సంగతోనట. మీది చెక్కుచెదరకుండా వచ్చేసిందట," అంది, సీసా వైపే చూస్తూ.

"ఆ గోళ్లలో మట్టేమిటి?"

"మెట్ల దగ్గర తూలి చెయ్యి ఆనించాను."

"నా పెట్టె పట్రా."

సర్వీసంతా ఆయన వెంట తిరిగిన స్టీలు కాలిపర్ ఉండే పెట్టె అది. వస్తువును రెండు దవడల మధ్య పెట్టి జరిపితే మందం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. ఇంట్లో ఎవరూ దాని జోలికి వెళ్లరు. కొలవడం అయ్యాక గుడ్డతో తుడిచి, దవడలు దగ్గరకు జరిపి, సున్నా మీద ఉంచి గానీ ఆయన మూత వెయ్యరు.

ఆవిడ పెట్టె తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆయన మూత తీసి కాసేపు అలాగే ఉండిపోయారు. ఆవిడ నుదురు తుడుచుకుంది. ఆయన రాయిని దవడల మధ్య పెట్టి కిటికీ వెలుగులో చూశారు, తిప్పి మళ్లీ చూశారు.

"పద్నాలుగు," అన్నారు చివరికి. "వెంట్రుకవాసి తేడా లేదు."

ఆవిడ మంచం పట్టె పట్టుకుని మెల్లగా కూలబడింది. ఆయన దిండు కింది కాగితాలు తీసి నిలువునా చించేశారు. గ్లాసు అందుకుని నీళ్లన్నీ తాగేశారు.

మర్నాడు పది నిమిషాల్లో గొట్టం తీసేశారు. డాక్టరు ఎదుట ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది గానీ, ఇన్‌స్పెక్టరు గారు రాయి ఊసే ఎత్తలేదు. దణ్ణం పెట్టి లేచారు. అంత తేలిగ్గా వదిలేసే మనిషి కాదే అనుకుంటూ, ఆవిడ దారి పొడుగునా ఆయన ముఖం వైపు చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆయన కాలిపర్‌ని గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసి ఆవిడకు అందించారు.

"ఇంకోసారి దీంతో దేన్నైనా కొలిస్తే, అయ్యాక సున్నాకి జరిపి పెట్టు," అన్నారు. "నిన్న నేను మూత తీసేసరికే పద్నాలుగు మీద ఉంది."