తుడిచినా చెడని సంఖ్య

"మళ్ళీ కుడిచేతి కఫ్ఫేనా, మాస్టారూ?"

టైలరమ్మ చొక్కాను ఇటూ అటూ తిప్పి చూసింది. ఎడమచేతిది కొత్తదానిలా ఉంది. కుడిచేతిది మాత్రం పోగులు లేచిపోయింది.

"మాస్టారు అనకండమ్మా," అన్నాడు పెద్దాయన, ఎప్పటిలాగే.

జేబులో సుద్దముక్కలు, నోట్లో లెక్కలు. పని చేసేది వీధి చివరి కాలేజీలో. మాస్టారు కాక మరెవరు?

మిషను పక్కన కూతురు తలవంచుకుని గుండీలు కుడుతోంది.

"బడి లేదా తల్లీ?"

"లెక్కల్లో మూడోసారి తప్పింది. ఇక చాలు, సూదీ దారం పట్టుకోమన్నాను," అంది టైలరమ్మ.

పిల్ల ముక్కు ఎగబీల్చింది.

పెద్దాయన సుద్ద తీసుకుని కత్తిరింపు బల్ల మీదే రాశాడు: 73939133.

"ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించలేదు. అంత మొండిది."

"మా అత్తగారి పోలిక," అంది టైలరమ్మ.

ఆయన చివరి మూడుని తొడుక్కున్న చొక్కా కుడిచేతి అంచుతో తుడిచేశాడు.

"అయ్యో, అది మొన్ననే కుట్టానండీ!"

"మిగిలిందీ మొండిదే. 7393913. ఇప్పుడు నువ్వు తుడువమ్మా."

పిల్ల తుడిచింది. 739391. మళ్ళీ తుడిచింది. 73939. ఏదీ లొంగదట. చివరికి బల్ల మీద ఏడు ఒక్కటే మిగిలింది.

"నా కత్తెరకి ఇలాంటి గుడ్డ ఒక్కటీ తగల్లేదు!" అంది టైలరమ్మ.

"నిజమేనా తాతయ్యా?"

"నన్ను నమ్మకు. భాగించి చూడు."

పిల్ల గుండీల డబ్బా మూసేసింది. 739 దగ్గరికి వచ్చేసరికి అన్నం మాటే మరిచిపోయింది.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. బల్ల మాత్రం ఇంట్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా టైలరమ్మకి ఆ ఏడే కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి ఏడాది పాటు ఆయన కఫ్ కుట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా పిల్ల నోటుపుస్తకం పట్టుకుని ఎదురు కూచుంది. పరీక్ష గట్టెక్కింది. ఆయన కాలేజీలోనే సీటొచ్చింది.

ఆ కబురు చెబుదామంటే రెండు నెలలుగా ఆయన జాడ లేదు. బాగుచేసిన చొక్కా అలాగే ఉండిపోయింది.

చేరే రోజు తల్లీకూతుళ్ళు దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్ళారు.

"లెక్కల్లో అంత పెద్దవయసు లెక్చరర్ ఎవరూ లేరే!" అన్నాడు ఆఫీసు గుమాస్తా.

టైలరమ్మ చొక్కా విప్పి చూపించింది. కుడిచేతికి అతుకు మీద అతుకు.

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు.

"ఈయనా! పోయి రెండు నెలలైందమ్మా. లెక్చరర్ కాదు. బడి మొహం చూసినవాడే కాదు. ముప్పై ఏళ్ళు ఈ గదుల్లో బోర్డులు తుడిచాడు."

టైలరమ్మ వేలు కఫ్ మీద ఆగిపోయింది. "మరి ఇది...?"

"డస్టరిస్తే పట్టేవాడు కాదమ్మా. చొక్కా చేతి అంచుతో, చివర్నుంచి ఒక్కొక్క అంకే తుడిచేవాడు. ఏమంటే, 'డస్టరు అంతా ఒక్కసారే చెరిపేస్తుంది బాబూ, నేనింకా చదవడం అవలేదు' అనేవాడు."