అరచేతి మీటరు

"చెట్టు నీడలోకి పోదామా బాబాయ్? మాడిపోతున్నాం," అంది కంటి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ.

ఫోటోగ్రాఫర్ గుండెల్లో రాయి పడింది. నీడలో అయితే వెలుతురు కొలిచే మీటరు అంకెలు చదవాలి. ఎండ లెక్కలు నోటికొచ్చు: లెన్సు రంధ్రం పదహారు, షట్టరు వేగం నూట పాతిక. కెమెరా చక్రం టిక్కుమన్నప్పుడల్లా లెక్కపెట్టుకుంటే చాలు. ఆరు నెలలుగా అతనికి లోకమంతా పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టే ఉంది. ఆ సంగతి బయటికి పొక్కిందా, స్టూడియోకి తాళమే. కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు.

"అమ్మో, నీడా! మొహాలు మసిబారిపోతాయమ్మా. ఆ మెట్ల మీదే నిలబడండి," అన్నాడు.

తెల్లగోడ, దాని ముందు పన్నెండు తెల్లకోట్లు, నడినెత్తిన ఎండ. చూపున్నవాడికే చెమటలు పట్టించే ఫోటో అది. వెలుతురు కాస్త ఎక్కువైతే కోట్లు గోడలో కలిసిపోతాయి, తక్కువైతే మొహాలు నల్లబడతాయి. కెమెరాకి గొడుగు పట్టిన భార్య, "కెమెరా తెర మీద ఓసారి చూసుకోరాదూ?" అంది.

"ఈ ఎండలో తెర ఎవడికి కనబడుతుందే? నలభై ఏళ్లుగా నా అరచెయ్యే నాకు మీటరు!"

వెనక్కి తిరిగి ఎండలోకి అరచెయ్యి చాచాడు. దేవుడా, ఈ ఒక్కటీ గట్టెక్కించు చాలు, అనుకున్నాడు. మళ్లీ కెమెరా దగ్గరికొచ్చి తడుముకుంటూ చక్రం తిప్పి వెలుతురు ఒక్క గడి తగ్గించాడు.

మెట్ల మీద గుసగుసలు ఆగిపోయాయి. ఎంత బుద్ధిమంతులో! పెళ్లివాళ్లయితే ఈపాటికి పదిసార్లు కదిలేవాళ్లు.

"రెప్ప వెయ్యకండి... ఆఁ, నవ్వండి!"

మూడుసార్లు నొక్కి, బిగబట్టిన ఊపిరి వదిలాడు. "భేష్! ఒక్కరూ కదల్లేదు."

"ఎలా కదుల్తాం బాబాయ్?" డాక్టరమ్మ గొంతు సరిగ్గా అతని వీపు వెనకనుంచి వినిపించింది. "మెట్ల మీద ఎవరూ లేరుగా. అందరం ఇక్కడే ఉన్నాం."

భార్య గొడుగు మడిచి, అతని అరచేతిని పట్టుకుంది.

"ఈ ఫోటో ఆర్డరు వాళ్లది కాదండీ, నాది. శుక్లాల ఆపరేషన్‌కి పొద్దున్నే మీ పేరు రాయించాను, నడవండి."