తవుడిచ్చి కొన్న పిల్ల

“మొదటి నాలుగు పేజీలూ మార్చాలి,” అన్నాడు భీమశంకరరావు, బొమ్మల కట్టను బల్ల మీద ముందుకు తోస్తూ.

గౌరీశ్వరి దాన్ని ముట్టుకోలేదు. “ఏటి మార్చమంటారండి?”

“పుట్టుక. మన తవిటమ్మ జమీందారు గారి తప్పిపోయిన బిడ్డ అని పెట్టు. చేట, తవుడు... ఇదేటి... ఇదేమిటమ్మా! పుస్తకం బెజవాడ దాకా వెళ్లాలి. అక్కడివాళ్లు నవ్వరూ?”

తవిటమ్మ గౌరీశ్వరి గీసే బొమ్మల కథల నాయిక. 1976లో ఈ ఆటోనగర్ ప్రెస్సువారి పిల్లల మాసపత్రికలోనే నాలుగు పేజీలతో పుట్టింది. కాగితం కరువొచ్చి ఏడాది ఆగింది, మళ్లీ రెండు రంగుల్లో లేచింది. హార్బరు క్రేనెక్కి బంగారం దొంగల్ని పట్టింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, కూర్మన్నపాలెంలో ఉక్కు ప్లాంటు పనివాళ్ల ఆడపిల్లలు గోడ దూకినప్పుడల్లా “నాను తవిటమ్మని!” అని అరిచేవారు. ఆ అరుపు చెవిన పడితే గౌరీశ్వరికి గర్వంతో గుండె నిండిపోయేది.

ఇప్పుడు ఆ కథలన్నీ మొదటిసారి అట్ట వేసిన పుస్తకంగా రావాలి. పాత యజమానైతే మారుమాట లేకుండా వేసేవాడు. రెండేళ్ల కిందట ప్రెస్సు కొన్న భీమశంకరరావు తీరు వేరు. నలగని తెల్లచొక్కా, అచ్చేసినట్టుండే మాట. సొంతూరు ఏదంటే “గోదావరి వైపు” అనేవాడు, అంతే.

“మా ఊళ్లో పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతే, తర్వాతి బిడ్డని చేటలో పడుకోబెడతారండి. పక్కింటోళ్లు తవుడిచ్చి కొంటారు. తవుడు ఖరీదు చేసే బిడ్డ వంక చావు కూడా చూడదని. ఆడపిల్లయితే తవిటమ్మ, మగపిల్లాడైతే తవిటయ్య. ఆ పుట్టుక తీసేస్తే పేరెక్కడిదండి?”

“పేరూ మార్చు. లేదా పుస్తకం లేదు.”

“అయితే వద్దండి.” ఎనిమిదేళ్ల కష్టం. అయినా లేచి బొమ్మల కట్టను తన వైపుకి లాక్కుంది.

అప్పుడే జోగమ్మ కేరేజీ పట్టుకుని వచ్చింది. భీమశంకరరావు ఇంటినుంచి రోజూ అన్నం తెచ్చే ముసలామె. “వంటమ్మ వచ్చింది,” అంటూ కంపోజిటర్ గవర్రాజు దారిచ్చాడు.

“బాబూ, కూడు సల్లారిపోతాది.”

“అక్కడ పెట్టి వెళ్లు,” అన్నాడతను తలెత్తకుండా.

ఆమె కదల్లేదు. పైనున్న బొమ్మ వంక చూసింది. చేటలో పసిగుడ్డు, పక్కన దోసిట్లో తవుడు. “ఈ పిల్లెవుర్తమ్మా?”

“తవిటమ్మ. జమీందారు బిడ్డని చెయ్యమంటన్నారు.”

జోగమ్మ బొమ్మలోని చేటను వేలితో నిమిరింది. “జమీందారు బిడ్డయితే తవుడెందుకు బాబూ? ముత్యాలే పోసుందురు. తవుడెట్టి కొన్న పిల్ల తలొంచుకోవాలేటి? దాన్ని దక్కించుకోడానికి ఆ తల్లి ఎంత ఏడిసుంటాదో!”

వంటమ్మకు ఇంత నోరా అని గవర్రాజు విస్తుపోయాడు. భీమశంకరరావు మాత్రం కసురుకోలేదు. కేరేజీని రెండు చేతులా దగ్గరికి తీసుకుని, “ఉన్నది ఉన్నట్టే వేద్దాం, నువ్వెళ్లమ్మా,” అన్నాడు గౌరీశ్వరితో.

నెల తిరక్కుండా మొదటి ప్రతి ఆమె చేతికొచ్చింది. నాలుగు పేజీలూ చెక్కుచెదరలేదు. చేటా ఉంది, తవుడూ ఉంది. పొంగిపోతూ అట్ట లోపలి పేజీ తిప్పింది. కథ, బొమ్మలు: గౌరీశ్వరి. దాని కిందే, ప్రచురణకర్తగా భీమశంకరరావు పేరుండాల్సిన చోట చూపు ఆగిపోయింది.

“తవిటయ్య, జోగమ్మ కొడుకు” అని ఉంది.